ఓట్సా, బేకనా: పొద్దున్న పళ్ళెంలోకి ఏది, ఎవరికి?

విజయనగరంలో పొద్దున టిఫిన్ అంటే ఇడ్లీ, దోశ, పూరీ. కాస్త ఊళ్ళ వైపు వెళితే చోడి (రాగి) అంబలి, చద్దన్నం. ఈ వరుసలోకి ఓట్స్ వచ్చి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు వీధి చివరి కిరాణా కొట్లో కూడా దొరుకుతున్నాయి. బేకన్ మాత్రం ఈమధ్య వచ్చిన చుట్టం. అది కూడా విశాఖలో పెద్ద సూపర్ మార్కెట్ల ఫ్రీజర్లలోంచి ఐసు పెట్టెలో పెట్టుకుని తెచ్చుకునేదే. పండక్కి బెంగుళూరు నుంచి వచ్చిన కొడుకు "నాన్నా, ఓట్స్ అంటే అంతా పిండిపదార్థమే. రెండు గుడ్లు, నాలుగు బేకన్ ముక్కలు తిను, షుగర్ దిగిపోద్ది" అంటాడు. డాక్టరు గారు ఓట్స్ తినమని రాసి పంపిస్తారు. ఇంట్లో పెద్దాయన "మీ మాటలు నాకొద్దుగానీ, నా అంబలి నాకు పొయ్యండర్రా" అంటాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. కాకపోతే ఎవరి మాట ఎవరికి పనికొస్తుందన్నదే తేల్చుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత లెక్కలు చూద్దాం. ఓట్స్ తిండి. బేకన్ మనకు ఉప్పుచేప లాంటిది, నంజుకునేది. ఉప్పుచేప ముక్క పక్కన పెట్టుకుని పళ్ళెం నిండా అన్నం తింటాం, అంతేగానీ ఉప్పుచేపనే అన్నంలా కలుపుకుని తినం. ఈ తేడా పట్టించుకోకుండా రెండింటినీ ఒకే తక్కెడలో వేస్తే ఏ లెక్కా సరిగ్గా రాదు.

బేకన్ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం ఒక్క మాట. పంది పొట్ట భాగం మాంసానికి ఉప్పు, కొంచెం పంచదార, నైట్రైట్ అనే లవణం పట్టించి ఊరబెట్టి, చాలాసార్లు పొగ కూడా పెట్టి, పల్చటి పట్టీల్లా కోస్తారు. అందుకే ఒక పట్టీలోనే ఎర్రటి కండ, తెల్లటి కొవ్వు చారలు చారలుగా కనిపిస్తాయి. ఇక్కడ దొరికే కొన్ని ప్యాకెట్ల మీద చికెన్ బేకన్ అని ఉంటుంది. పంది మాంసం తినని ఇళ్ళు మనవైపు ఎక్కువే కాబట్టి అది కూడా అమ్ముడవుతుంది. దాంట్లో కొవ్వు తక్కువ, ఉప్పు మాత్రం దాదాపు అంతే. ఊరబెట్టిన మాంసం కాబట్టి కింద చెప్పబోయే జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి.

వంద గ్రాముల లెక్కలో ఉన్న మెలిక

ఎక్కడ చూసినా పోలిక 100 గ్రాములకు ఇస్తారు. ఎండు ఓట్స్ 100 గ్రాముల్లో దాదాపు 380 కేలరీలు, 13 గ్రాముల ప్రొటీన్, ఆరున్నర గ్రాముల కొవ్వు, 67 గ్రాముల దాకా పిండిపదార్థం, అందులోనే 10 గ్రాముల పీచు. వేయించిన బేకన్ 100 గ్రాముల్లో దాదాపు 540 కేలరీలు, 37 గ్రాముల ప్రొటీన్, 42 గ్రాముల కొవ్వు. పీచు సున్నా. పక్కపక్కన పెట్టి చూస్తే బేకన్‌లో ప్రొటీన్ దాదాపు మూడింతలుంది కదా అనిపిస్తుంది. కొడుకు చూసి వచ్చింది ఈ లెక్కే.

కానీ కొట్లో డబ్బులిచ్చి కొనేది వేయించిన బేకన్ కాదు, పచ్చిది. పచ్చి బేకన్ 100 గ్రాముల్లో ప్రొటీన్ 12, 13 గ్రాములే ఉంటుంది. అంటే సంచిలో వేసుకునేటప్పుడు ఓట్సూ అదీ సమానమే. తేడా వచ్చేది పెనం మీద. జానెడు పట్టీని చల్లటి పెనం మీద పరిచి సన్నటి సెగ పెట్టండి. ముందు తెల్లటి చారలు గాజులా మెరుస్తాయి, తర్వాత చిటపటలాడుతూ నీరు పోతుంది, అంచుల చుట్టూ నురగ లేస్తుంది, పట్టీ అలల్లా ముడుచుకుపోయి సగం పొడవుకు వస్తుంది. దాన్ని తీసి పక్కన పెడితే పెనంలో కరిగిన కొవ్వు నిలిచి ఉంటుంది. 200 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఇలా వేయిస్తే చేతికొచ్చేది 60, 70 గ్రాములు. నీరూ కొవ్వూ పోయాయి కాబట్టి మిగిలినదాంట్లో ప్రొటీన్ చిక్కబడింది. అంతేగానీ కొత్తగా ఎక్కణ్ణుంచీ రాలేదు.

ఓట్స్‌కి ఇది తలకిందులు. నీళ్ళు తాగి ఉబ్బుతాయి. నీళ్ళతో ఉడికించిన ఓట్స్ జావ 100 గ్రాముల్లో 70 కేలరీలు, రెండున్నర గ్రాముల ప్రొటీన్ మాత్రమే. ఇప్పుడు ఉడికిన జావను వేయించిన బేకన్ పక్కన పెట్టండి, ఓట్స్ చప్పగా ఓడిపోతాయి. ఎండు ఓట్స్‌ను పచ్చి బేకన్ పక్కన పెట్టండి, ఓట్స్ ఏమాత్రం తీసిపోవు. ఎవరికి కావలసిన జవాబు వాళ్ళకి వచ్చేలా అంకెలు ఎంచుకోవచ్చు. రెండు పక్షాల వాళ్ళూ ఒకరినొకరు అబద్ధాలకోరు అనుకునేది ఇందుకే. పెనంలో మిగిలిన ఆ కొవ్వు సంగతి కూడా మర్చిపోకండి. 540 కేలరీలన్నది దాన్ని వంచేశాక వచ్చిన లెక్క. అందులోనే గుడ్డు వేయించుకుంటే అదీ కలుపుకోవాల్సిందే.

మనిషి నిజంగా తినేది ఎంత

కాబట్టి పళ్ళెం లెక్క వేద్దాం. ఒక మనిషికి ఓట్స్ 40 గ్రాములు, అంటే గుప్పెడు కంటే కొంచెం ఎక్కువ. బేకన్ అయితే వేయించిన పట్టీలు మూడు, తూకానికి 25 గ్రాములు. విచిత్రం ఏమిటంటే కేలరీలు దాదాపు ఒక్కటే. ఓట్స్‌లో 150, బేకన్‌లో 130 చిల్లర.

ప్రొటీన్ ఓట్స్‌లో ఐదు గ్రాములు, బేకన్‌లో తొమ్మిది. ఇక్కడ బేకన్‌దే పైచేయి, అనుమానం లేదు. పైగా మాంసం ప్రొటీన్‌లో మన ఒంటికి కావలసిన అమైనో ఆమ్లాలన్నీ ఉంటాయి. ఓట్స్‌లో వాటిలో ఒకటైన లైసిన్ కొంచెం తక్కువ. ఆ లోటు పప్పు తీరుస్తుంది, గుప్పెడు పెసరపప్పు వేసి ఓట్స్ పొంగలి చేస్తే చాలు. ఒక గుడ్డు కలిపినా ఆరు గ్రాములు చేరి ఓట్స్ పళ్ళెం బేకన్ పళ్ళేన్ని దాటిపోతుంది.

కొవ్వు ఓట్స్‌లో రెండున్నర గ్రాములు, బేకన్‌లో పది. ఆ పదిలో గుండెకు మంచిది కాదనే శాచురేటెడ్ కొవ్వు మూడున్నర గ్రాముల దాకా ఉంటుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం వేరుశనగ నూనెలో ఉండే రకమే, కాబట్టి పంది కొవ్వంతా విషమని బెదిరిపోనక్కర్లేదు. పీచు ఓట్స్‌లో నాలుగు గ్రాములు, బేకన్‌లో లేదు. మెగ్నీషియం, మాంగనీసు, జింకు, బీ1 విటమిన్ ఓట్స్ వైపు మొగ్గుతాయి. బీ12 మాత్రం ఓట్స్‌లో అసలు ఉండదు, బేకన్‌లో కొద్దిగా ఉంటుంది. కానీ పాలు, పెరుగు, గుడ్డు, చేప తినే ఇంట్లో ఆ కొద్దిపాటి బీ12 కోసం బేకన్ కొనక్కర్లేదు. రక్తం తక్కువగా ఉందని మాంసం తినమన్నారు కదా అని బేకన్ తెచ్చుకునేవాళ్ళున్నారు. మూడు పట్టీల్లో ఇనుము అర మిల్లీగ్రాము కూడా ఉండదు. ఓట్స్ గిన్నెలో ఒకటిన్నర పైనే ఉన్నా, గింజ ఇనుము ఒంటికి పట్టడం కష్టం. నిమ్మకాయ పిండుకుని, టీ గంట తర్వాత తాగితే కొంత నయం.

అసలు గొడవంతా ఉప్పుతోనే

ఓట్స్‌లో సహజంగా సోడియం లేనట్టే లెక్క. ఉప్పు ఎంత వేస్తామో మన చెయ్యే నిర్ణయిస్తుంది. బేకన్‌లో ఆ నిర్ణయం కంపెనీ వాడు ఎప్పుడో చేసేశాడు. మూడు పట్టీల్లో 400 నుంచి 550 మిల్లీగ్రాముల సోడియం, అంటే గ్రాము నుంచి గ్రామున్నర దాకా ఉప్పు. పెద్దవాళ్ళు రోజు మొత్తానికి 2,000 మిల్లీగ్రాముల లోపు సోడియం, అంటే 5 గ్రాముల లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పావు వంతు పొద్దున ఎనిమిదింటికే అయిపోయిందన్నమాట. ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉన్నవాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. మనకి ఇంకా మధ్యాహ్నం ఆవకాయ ఉంది, చారు ఉంది, అప్పడం ఉంది, రాత్రికి ఎండు నెత్తళ్ళ కూర ఉంది.

క్యాన్సర్ మాట కూడా సూటిగా చెప్పుకోవాలి. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఊరబెట్టిన, పొగబెట్టిన మాంసాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్నది కూడా ఆ వర్గంలోనే కాబట్టి, బేకన్ తింటే సిగరెట్ తాగినట్టే అని వాట్సాప్‌లో తిరిగింది. అది తప్పు. రుజువు ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి చేసిన వర్గం అది, ప్రమాదం ఎంత పెద్దదన్నదాన్ని బట్టి కాదు. రోజూ 50 గ్రాముల చొప్పున తినేవాళ్ళకు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు, తిననివాళ్ళ ముప్పుతో పోలిస్తే 18 శాతం ఎక్కువని అప్పుడు లెక్క కట్టారు. నూటికి 18 మందికి వస్తుందని దాని అర్థం కాదు. ఉన్న ముప్పు అందులో ఐదో వంతు కంటే కాస్త తక్కువగా పెరుగుతుందని. 50 గ్రాములంటే వేయించిన పట్టీలు ఆరు, అదీ ప్రతిరోజూ. నెలకోసారి రెండు ముక్కలు తినేవాడు దీని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. రోజూ తినమని సలహా ఇచ్చేవాడు మాత్రం ఇది తెలిసి చెప్పాలి.

మనవాళ్ళు మరీ సంబరపడిపోవడానికీ లేదు. చైనా పద్ధతిలో ఊరబెట్టే ఉప్పుచేప కూడా ఆ మొదటి వర్గంలోనే ఉంది. భావనపాడు, కళింగపట్నం ఒడ్డున ఎండబెట్టే తీరు వేరు, అయినా ఉప్పు ఉప్పే. నెత్తళ్ళను వేడినీళ్ళలో వేసి, చేత్తో పిసికి, ఇసకా ఉప్పూ వదిలేదాకా రెండు మూడు నీళ్ళు మార్చే అలవాటు మన ఆడవాళ్ళకు ఎప్పటినుంచో ఉంది. దానివల్ల ఉప్పు చాలావరకు పోతుంది. బేకన్‌కి ఆ సౌకర్యం లేదు.

ఓట్స్ జిగురు, ఓట్స్‌లో రకాలు

ఓట్స్ ఉడికితే జిగటగా ఉంటాయని చాలామందికి నచ్చదు. ఆ జిగురే ఓట్స్‌లో ఉన్న విలువ. దాని పేరు బీటా గ్లూకాన్, నీళ్ళలో కరిగే పీచు. పేగుల్లో చిక్కటి జిగురులా మారి పైత్యరసంలోని ఆమ్లాలను పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. వాటిని మళ్ళీ తయారు చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకుంటుంది. ఇలా చెడు కొలెస్టరాల్ కొన్ని శాతం తగ్గుతుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లోనే ఈ మాట ప్యాకెట్ మీద వేసుకోనిచ్చింది. కాకపోతే దానికి రోజుకి 3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలి. 40 గ్రాముల గిన్నెలో వచ్చేది సుమారు ఒకటిన్నర. అంటే పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఇంకొకటి, అదీ రోజూ. వారానికి రెండుసార్లు తిని, రిపోర్టులో కొలెస్టరాల్ తగ్గలేదేమిటని అడిగితే ఓట్స్ ఏం చేస్తాయి?

కొట్లో అన్నీ ఓట్స్ అనే రాసి ఉన్నా అన్నీ ఒక్కటి కాదు. గింజను రెండు మూడు ముక్కలుగా నరికినవి నూకల్లా ఉంటాయి, ఉడకడానికి అరగంట పడుతుంది. ఆవిరి పట్టి అటుకుల్లా నొక్కినవి ఐదు పది నిమిషాల్లో అవుతాయి. వేడినీళ్ళు పోస్తే చాలు అనే రకం ఇంకా పల్చగా నొక్కి, ముందే ఉడికించి ఆరబెట్టినవి. షుగర్ ఉన్నవాళ్ళకి తేడా ఇక్కడే తెలుస్తుంది. తిన్నది రక్తంలో షుగర్‌ని ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే గ్లైసెమిక్ ఇండెక్స్ మామూలు అటుకుల రకానికి 55 దగ్గర ఉంటే, వేడినీళ్ళ రకానికి 75 పైకి పోతుంది. మసాలా ఓట్స్ అనే చిన్న ప్యాకెట్ల సంగతి మరీ వేరు. వెనక్కి తిప్పి సోడియం వరుస చూడండి. 100 గ్రాములకు 500 మిల్లీగ్రాములు దాటితే, నా లెక్కలో అది టిఫిన్ పేరుతో అమ్ముతున్న చిరుతిండి. అలాంటిది రోజూ తింటూ బేకన్‌లో ఉప్పుందని ఇంకొకరిని తప్పుపట్టడం న్యాయం కాదు.

మరి మన చోళ్ళు?

ఈ పోటీలో చోళ్ళను పక్కన పెడితే శ్రీకాకుళం, విజయనగరం మనిషికి పోలిక సగమే పూర్తయినట్టు. ఓట్స్‌తో పోలిస్తే చోళ్ళలో ప్రొటీన్ సగం, 100 గ్రాములకు 7 గ్రాములు. కొవ్వు రెండు గ్రాముల లోపు. పీచు రెండింటిలోనూ దాదాపు సమానమే, కానీ చోళ్ళలో ఆ జిగురు రకం పీచు ఓట్స్‌లో ఉన్నంత ఉండదు. కాబట్టి కొలెస్టరాల్ కోసమే అయితే ఓట్స్‌కే ఓటు. కాల్షియం దగ్గరికొస్తే మాత్రం చోళ్ళ ముందు ఓట్స్ నిలవలేవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలో చోళ్ళకు 100 గ్రాములకు 364 మిల్లీగ్రాములుంది. ఓట్స్‌లో 50 చిల్లర. బేకన్‌లో చెప్పుకోదగ్గంత లేదు.

అంబలి చేసే పద్ధతి కూడా ఒక బలం. రాత్రి చోడి పిండి నీళ్ళలో కలిపి మూతపెట్టి వదిలేస్తే తెల్లారేసరికి పైన సన్నటి బుడగలు కట్టి పుల్లటి వాసన వస్తుంది. నూకలు ఉడుకుతుండగా ఆ పిండి పోసి, ఉండ కట్టకుండా తిప్పి, చల్లారాక మజ్జిగ కలుపుతాం. ఆ పులియడంలోనే గింజలో ఇనుమునీ కాల్షియాన్నీ పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం కొంత విరుగుతుంది. ఓట్స్‌లోనూ ఆ ఆమ్లం ఉంది, కానీ అక్కడ ఎవరూ పులియబెట్టరు. మిల్లులోనే ఆవిరి పట్టడం వల్ల దాన్ని విరిచే ఎంజైము కూడా చచ్చిపోతుంది. కాబట్టి పెద్దాయన చేతిలో అంబలి గిన్నె లాగేసి ఓట్స్ పెట్టడం నాకు తెలివైన పనిగా కనిపించదు. ఆయనకు కొలెస్టరాల్ ఉంటే ఒక పూట అంబలి, ఒక పూట ఓట్స్ అని ఒప్పించండి.

"లెక్కలొద్దు బావా, ఏటి తినాలో సెప్పు"

బీపీ ఉన్నవాళ్ళకి ఆలోచించే పని లేదు. ఓట్స్, అది కూడా మీరే ఉప్పు వేసుకునే రకం. బేకన్ పెళ్ళిలోనో హోటల్లోనో ఎదురైతే ఒక ముక్క, ఇంటికి తెచ్చుకోవద్దు.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతి అంత సులువు కాదు. కొడుకు చెప్పినదాంట్లో నిజం ఉంది. బేకన్ తిన్నాక మీటరు పెట్టి చూస్తే అంకె దాదాపు కదలదు, ఓట్స్ తిన్నాక కదులుతుంది. 40 గ్రాముల ఓట్స్‌లో 27 గ్రాముల పిండిపదార్థం ఉంది మరి. కొన్నేళ్ళ కిందట పిండిపదార్థం మాని కొవ్వు తినే డైట్ ఊపు మనవైపు కూడా తగిలినప్పుడు చాలామంది దీన్ని స్వయంగా చూశారు. కానీ ఆ రెండు గంటల అంకె ఒక్కటే షుగర్ జబ్బు కాదు. దానితో పాటు గుండె, కిడ్నీ, బీపీ నడుస్తుంటాయి. ఊరబెట్టిన మాంసం ఏళ్ళ తరబడి ఎక్కువగా తినేవాళ్ళలో రెండో రకం మధుమేహం ఎక్కువగా కనిపిస్తున్నదని పెద్ద పెద్ద సర్వేల్లో మళ్ళీ మళ్ళీ తేలింది. అందుకని షుగర్ ఉన్నవాళ్ళకు నా సలహా ఇది. అటుకుల రకం ఓట్స్ 30 గ్రాములకు తగ్గించండి, రెండు కోడిగుడ్లో గుప్పెడు పప్పో కలపండి, బెల్లం, అరటిపండు, ఖర్జూరం దరి చేరనివ్వకండి. రెండు గంటలయ్యాక మీటరు పెట్టి మీ ఒంటి సంగతి మీరే చూసుకోండి. ఇద్దరు షుగర్ మనుషులకు ఒకే గిన్నె ఒకేలా పనిచేయదు.

కిడ్నీ విషయం మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది చదివేవాళ్ళలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళు ఉంటారు. ఉద్దానంలో ఏ ఊరికి వెళ్ళినా డయాలసిస్ మాట వినపడని వీధి తక్కువ. ఆ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. దానికోసమే 2023 చివర్లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. బేకన్ వల్లో ఉప్పు వల్లో ఆ జబ్బు వచ్చిందని నేను అనడం లేదు. కానీ ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే రక్తపరీక్ష అంకె) పెరిగిన మనిషికి బేకన్ రెండు విధాలా చేటు. ఒకటి ఉప్పు. రెండోది, ఊరబెట్టే మాంసాలకు చాలాచోట్ల కలిపే ఫాస్ఫేట్లు. పాడైన కిడ్నీ ఫాస్ఫరస్‌ను బయటికి పంపలేదు, అది ఎముకలనీ రక్తనాళాలనీ పాడు చేస్తుంది. కలిపిన ఫాస్ఫేటు ఒంటికి చాలా తేలిగ్గా పడుతుంది. ఓట్స్‌లో కూడా ఫాస్ఫరస్ ఉంది, పట్టికలో చూస్తే భయం వేసేంత ఉంది. కానీ అది ఎక్కువగా ఫైటిక్ ఆమ్లం రూపంలో ఉండటంతో మనకు పట్టేది తక్కువ. ఇక ప్రొటీన్ సంగతి. డయాలసిస్ మొదలుకాకముందు తగ్గించమంటారు, మొదలయ్యాక పెంచమంటారు. పక్కింటి డయాలసిస్ మనిషి డైట్ కాగితం చూసి, క్రియాటినిన్ రెండు దగ్గర ఉన్న మీ అత్తగారికి అదే పెట్టకండి. ఓట్స్ ఎంత తినొచ్చో ఆమె రిపోర్టులో పొటాషియం, ఫాస్ఫరస్ చూసిన డాక్టరు గారే చెప్పాలి. బేకన్ మాత్రం అడగక్కర్లేదు, వద్దు.

ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళకి, అంటే జనపనార మిల్లులో షిఫ్టుకెళ్ళేవాళ్ళు, పలాసలో జీడి బట్టీల దగ్గర నిలబడేవాళ్ళు, పొలం పనివాళ్ళు, 150 కేలరీల ఓట్స్ గిన్నె ఒక మూలకి చాలదు. పది గంటలకే కడుపు కాలుతుంది. ఇలాంటి చోట కొవ్వు, ప్రొటీన్ ఉన్న తిండి ఆకలిని ఆపుతుందన్నది నిజమే. కానీ దానికి బేకనే కానక్కర్లేదు. పెద్ద గిన్నెడు అంబలి, ఒక ఉల్లిపాయ, కడిగి వేయించిన నెత్తళ్ళు గుప్పెడు. ఎండు నెత్తళ్ళలో 100 గ్రాములకు 50, 60 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ముల్లుతో సహా నమిలేస్తాం కాబట్టి కాల్షియం అదనం. చెమటతో ఉప్పు పోయే మనిషికి ఆ కాస్త ఉప్పూ లెక్కలోకి రాదు. పంది మాంసం తినే ఇళ్ళలో అయితే ఆదివారం తాజా మాంసం తెచ్చుకోండి. ఊరబెట్టని కండలో 100 గ్రాములకు సోడియం 60, 70 మిల్లీగ్రాములే.

పిల్లలకి చోడి జావ, ఓట్స్, గుడ్డు, మూడూ మార్చి మార్చి. బేకన్ రుచి ఇప్పుడే నేర్పక్కర్లేదు.

ధర, నిల్వ

ధర పోల్చేటప్పుడు కిలో రేటు చూడకండి. బేకన్ ప్యాకెట్ ధరను వేయించాక మిగిలే మూడో వంతుతో భాగించండి. అప్పుడు తాజా మాంసం, గుడ్లు, చేపల్లో దేనికంటేనైనా ప్రొటీన్ ఖరీదు ఎక్కువని మీకే తెలుస్తుంది. ఓట్స్ కూడా చోళ్ళ కంటే ఖరీదే. చిన్న ప్యాకెట్ల కంటే కిలో సంచి నయం, కానీ మన సముద్రపు గాలికి తెరిచిన సంచిలో నెల తిరిగేసరికి ముక్కవాసన రావచ్చు, పురుగూ పట్టొచ్చు. గింజలో కొవ్వు ఎక్కువ మరి. బిగుతు మూత ఉన్న డబ్బాలో పోసుకోండి.

బేకన్‌ని ఊరబెట్టారు కదా, ఊరగాయలా నిలవుంటుంది అనుకోవద్దు. పాతకాలంలో కటిక ఉప్పుతో చేసినది అలా ఉండేది. ఇప్పటిది ఫ్రిజ్ లేనిదే బతకదు. తెరిచాక వారం లోపు వాడేయాలి. మూసి ఉంచిన ఫ్రిజ్ కరెంటు లేకుండా నాలుగు గంటలే చల్లదనం నిలుపుతుంది. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విజయనగరంలో, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు ఎన్నాళ్ళు లేదో ఇక్కడివాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో ఎండు చేప, చోడి పిండి, ఓట్స్ డబ్బా ఉన్న ఇల్లు నెట్టుకొచ్చింది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఫ్రీజర్ నిండా మాంసం పెట్టుకోవడం మనవైపు మంచి ఆలోచన కాదు.

పంది మాంసం తింటే మెదడులోకి పురుగు వెళుతుందన్న భయం కూడా ఉంది. సరిగ్గా ఉడకని మాంసం తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడుకు చేరేది మాత్రం ఆ పురుగు ఉన్న మనిషి మలం ద్వారా నీళ్ళలో, పచ్చి కూరల్లో కలిసిన గుడ్ల వల్ల. మాంసమే ముట్టనివాళ్ళకూ రావచ్చు. చేతులు కడుక్కోవడం, ఆకుకూర కడగడం దీనికి అసలు మందు. బేకన్‌ని ఎలాగూ బాగా వేయించే తింటాం.

ఇంత చెప్పినా కొడుకు ఐసు పెట్టెలో ప్యాకెట్ తెచ్చేశాడనుకోండి, పారేయక్కర్లేదు. రెండు పట్టీలు సన్నగా తరిగి చల్లటి పెనంలో వేసి సన్నటి సెగ మీద బంగారు రంగు వచ్చేదాకా వేయించండి, నల్లగా మాడనివ్వద్దు. పెద్ద మంట మీద మాడే కొద్దీ నైట్రైట్ వల్ల వచ్చే చెడ్డ రసాయనాలు పెరుగుతాయి. ముక్కలు తీసేసి, కరిగిన కొవ్వులో ఒక చెంచాడు ఉంచి మిగతాది వంచేయండి. అందులోనే ఆవాలు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, కరివేపాకు, చేతికందిన కూరముక్కలు వేసి, ముందే పొడిగా వేయించి పెట్టుకున్న 80 గ్రాముల ఓట్స్ పోసి, నీళ్ళు చిలకరించి ఉప్మాలా మగ్గనివ్వండి. దించేటప్పుడు బేకన్ ముక్కలు పైన చల్లి నిమ్మకాయ పిండితే ఇద్దరికి సరిపోతుంది. ఉప్పు డబ్బా మాత్రం తెరవకండి, ఆ ముక్కల్లో ఉన్నది చాలు. ఆ పూట ఆవకాయ కూడా బల్ల మీదికి రానివ్వద్దు.